తొమెయోగారి పలచ సిరా

మా ఇంట్లో ఎవరూ పోకుండానే మాకు పరామర్శలు మొదలయ్యాయి. అదీ ఏడాది చివరి ఆర్డర్లతో ఊపిరి సలపని రోజుల్లో. ముందు ఉప్పు పంపే వర్తకుడు ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "ఎప్పుడండీ?" అని అడిగాడు. బస్తాల గురించి అనుకుని, "శుక్రవారం అయితే చాలండీ" అన్నాను. "సరేనమ్మా, శుక్రవారం తప్పకుండా వస్తాను. మీరు ధైర్యంగా ఉండండి" అని పెట్టేశాడు. ఉప్పు దించుకోవడానికి ధైర్యం ఎందుకో నాకు అర్థం కాలేదు. నాకు పనెక్కువ ఉన్నప్పుడు అర్థంకాని విషయాల మీద కోపం వస్తుంది. విసుక్కుంటూ మళ్ళీ పొట్లాలు కట్టడంలో పడ్డాను.

ఆ సంగతి తేలాలంటే తొమెయోగారి గురించి చెప్పాలి. నన్నడిగితే ఆవిడ లేకపోతే మా దుకాణమే లేదు.

హిదా కొండల మధ్య మాది ఊరగాయల దుకాణం. ఎర్ర టర్నిప్ దుంపల్ని ఉప్పులో వేసి, చెక్కపీపాల్లో నింపి, పైన రాళ్ళు పెట్టి ఊరబెట్టడం మా అత్తింటివారి వృత్తి. తొమెయోగారు పెళ్ళికాని పిల్లగా ఈ ఇంటికి దుంపలు కడిగే పనికి వచ్చారు. చలికాలం ఏటి నీళ్ళలో కడిగి కడిగి చేతులు కూడా దుంపల్లాగే ఎర్రబడేవట. ఒకరోజు ఏ పీపాలో ఏ పొలం సరుకుందో మూతల మీద సుద్దతో రాసిపెట్టారు. మా మామగారు ఆ అక్షరాలు చూసి, ఒక మూతను దుకాణంలోకి మోసుకొచ్చి, వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించారట. ఆ వారమే ఆవిడను నీళ్ళలోంచి లేపి, దుకాణం కిటికీ పక్క చాప మీద కూర్చోబెట్టి, ముందు చిన్న బల్ల వేయించారు. మామగారు పోయి చాలా కాలమైంది. బల్ల మాత్రం అక్కడే ఉంది.

ఆవిడ పని కృతజ్ఞతల కార్డులు రాయడం. మా ఊరగాయ మొదటిసారి కొన్నవాళ్ళకి ఒకటి. వేడినీటి ఊటల దగ్గర విడిదులు నడిపేవాళ్ళకి ఏటా వేసవిలో ఒకసారి, ఏడాది చివర ఒకసారి. దుంపలు పండించేవాళ్ళకి, పీపాలు చేసే గెంపెయ్‌కి, మంచులో సరుకు మోసుకెళ్ళే లారీ డ్రైవరుకి కూడా. కార్డులు రాయని దుకాణం మా లోయలో లేదనుకోండి. కానీ మిగతావాళ్ళ కార్డు "తమరి అమూల్యమైన ఆదరణకు" అని మొదలవుతుంది. అది చదవగానే జనం దాన్ని టీ కప్పు కింద పెట్టుకుంటారు. తొమెయోగారి కార్డు ఆ ఉదయం మా గుమ్మం ముందు ఏం జరిగిందో దాంతో మొదలయ్యేది. "ఇవాళ పొద్దున్నే చూరు మీది మంచు జారి మా పిల్లి మీద పడింది" అని. తర్వాత ఆ మనిషి సంగతి ఒకటి, ఆ తర్వాత కృతజ్ఞత. అంతే.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో, వ్యాపారం నాకే తెలుసన్నట్టు ఒక సలహా ఇచ్చాను. "చివర్లో 'కొత్త సరుకు వచ్చింది, దయచేయండి' అని ఒక్క ముక్క రాయండి పిన్నిగారూ."

ఆవిడ కుంచె ఎత్తకుండానే అన్నారు. "అది రాస్తే కార్డు కాదే అమ్మాయ్, జోలె అవుతుంది. దండం పెట్టిన చేతుల్నే అలా ముందుకి చాపితే ఎలా ఉంటుందో చూడు." చాపి చూపించారు కూడా. నేనింకెప్పుడూ ఆవిడకు సలహా ఇవ్వలేదు.

ఆ కార్డులకు జవాబులు రావు. మాలో కృతజ్ఞతకు కృతజ్ఞత చెప్పే ఆచారం లేదు. చెబితే ఇవతలివాళ్ళు మళ్ళీ చెప్పాలి, అవతలివాళ్ళు మళ్ళీ వంగాలి, ఇద్దరికీ నడుములు పట్టేస్తాయి. కాబట్టి కార్డు అందుకున్నవాళ్ళు చదువుకుని ఊరుకుంటారు. "జీవితమంతా రాస్తున్నారు, ఒక్కళ్ళూ ఒక్క ముక్క రాయరు. మీకేమీ అనిపించదా?" అని ఒకసారి అడిగాను. "పీపాలు ఖాళీ అవుతున్నాయిగా, అదే జవాబు" అని నవ్వేశారు. తర్వాత, "ఆయన పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. ఇక్కడ కూర్చుంటే ఈ లోయలో అందరితో మాట్లాడినట్టుంటుంది" అన్నారు. ఆవిడ భర్త రైలు పట్టాల మీద మంచు తోసే పనిలో ఉండి చిన్నవయసులోనే పోయాడు. పిల్లలు లేరు. ఊరి స్నానాలశాల వెనక సందులో చిన్న ఇల్లు, ఇక్కడ ఈ చాప. ఆవిడ బతుకు ఆ రెండింటి మధ్యే నడిచింది.

మా ఆయన పేరు కోజో. చిన్నప్పుడు ఆయనకు అక్షరాలు దిద్దించింది తొమెయోగారే. చెయ్యి పట్టుకుని దిద్దించేవారట. సిరాకడ్డీని సాన మీద అరగదీయమంటే మాత్రం పీపాల కొట్టంలోకి పారిపోయి దాక్కునేవారట ఈ మహానుభావుడు. మనిషి చెడ్డవారు కాదు, కానీ లోకం వేగంగా పోతుంటే మనమొక్కళ్ళం చాప మీద కూర్చున్నామని బెంగ. పట్నాల నుంచి కంప్యూటర్లో ఆర్డర్లు రావడం మొదలయ్యాక ఆ బెంగ ముదిరింది. ఆ శరదృతువులో అచ్చు కార్డుల నమూనా తెప్పించారు. పైన ఎర్ర దుంప బొమ్మ, కింద చేతిరాతను పోలిన అచ్చు అక్షరాలు.

తొమెయోగారు దాన్ని వేళ్ళతో తడిమి, "నున్నగా ఉంది" అన్నారు. ఇంకేమీ అనలేదు. టీ తాగడం అయ్యాక మెల్లగా, "ఈ ఒక్క చలికాలం నాకివ్వు బాబూ" అని అడిగారు.

"మీరు కష్టపడటం చూళ్ళేకే కదా పిన్నీ."

"చూడకు. అటు తిరిగి కూర్చో."

మా ఆయన తల గోక్కున్నారు. "సరే, ఈసారికి మీ ఇష్టం. కానీ ఒక్క కార్డు మీద మాటొచ్చినా కొత్త సంవత్సరం నుంచి అచ్చే. అప్పుడు నన్నేం అనకూడదు."

ఆవిడ తలూపారు. ఆ తలూపడం చూస్తే నాకు భయమేసింది. ఎందుకంటే ఆవిడ కళ్ళ సంగతి నాకు తెలుసు.

చాలా కాలంగా చూస్తున్నాను. గుమ్మంలోకి ఎవరొచ్చినా మొహం చూసి కాదు, గొంతు విన్నాకే పలకరిస్తున్నారు. కార్డు రాస్తుంటే ముక్కు కాగితానికి ఆనుతోంది. "బయట ఎప్పుడూ ముసురేనే" అంటుంటారు, మిట్టమధ్యాహ్నం ఎండలో. ఒకసారి పుల్ల విరిచినట్టు చెప్పేశాను. "ముసురు బయట లేదు పిన్నిగారూ, మీ కళ్ళలో ఉంది. పొర కమ్మింది. ఆసుపత్రికి పోదాం రండి, ఇప్పుడది పెద్ద పని కాదట."

"డాక్టరు కాయితం మీద రాస్తాడు. ఆ కాయితం చూసి కోజో నన్ను విశ్రాంతి తీసుకోమంటాడు. వాడిది మంచి మనసు, ప్రేమగానే అంటాడు" అన్నారు. "విశ్రాంతి తీసుకుని ఏం చెయ్యనే? గోడతో మాట్లాడనా?" నా చేత ఒట్టు వేయించుకున్నారు, మా ఆయనకు చెప్పనని. ఒట్టు మాట ఎలా ఉన్నా, నేనే రోజూ పెట్టెలో వేసేముందు కార్డులు చూసేదాన్ని. వంకర లేదు, తప్పు లేదు. చెయ్యికి దారి తెలుసు.

డిసెంబరు మధ్యలో బాగా చలిపడిన ఒక ఉదయం అది. దుకాణం నిండా పొట్లాలు, పెట్టెలు. తొమెయోగారు కిటికీ పక్కన సాన మీద సిరాకడ్డీ అరగదీస్తున్నారు. గంధం తీసినట్టే తీయాలి దాన్ని. ఓపిగ్గా తీస్తేనే చిక్కటి నలుపు వస్తుంది. చలికి మణికట్టు లాగేస్తోందని మధ్య మధ్య ఆపి, చెయ్యి పొయ్యి దగ్గర కాచుకుంటున్నారు. సాన చల్లబడి కడ్డీ జారుతుంటే గోరువెచ్చని నీళ్ళు కలిపారు. రాస్తూ రాస్తూ సిరా అయిపోవస్తే ఇంకొంచెం నీళ్ళు. చాలా నెలలుగా ఆవిడ కళ్ళకు నల్లటి నలుపు కూడా బూడిద రంగుగానే కనిపిస్తోంది. ఆ బూడిద రంగే నలుపని అలవాటు పడిపోయారు. అందుకే నిజంగా బూడిద రంగు వచ్చిన రోజున తేడా తెలియలేదు. నేను వెనక పీపాల దగ్గరున్నాను. పోస్టుమాన్ వస్తే ఆవిడే కట్ట కట్టి ఇచ్చేశారు.

పలచ సిరాతో మేం ఒక్కచోటే రాస్తాం, చావింట. కన్నీళ్ళు పడి సిరా పలచబడిందని దానర్థం. కర్మకాండలయ్యాక, వచ్చినవాళ్ళందరికీ ఆ ఇంటివాళ్ళు పంపే కృతజ్ఞతల కార్డు కూడా ఆ బూడిద రంగులోనే ఉంటుంది. మా లోయలో పసిపిల్లలకు కూడా తెలుసు ఆ రంగు.

ఉప్పు వర్తకుడి ఫోను తర్వాత ఒకావిడ ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ముక్కు చీది పెట్టేసింది. మర్నాడు మధ్యాహ్నం మంచు కురుస్తుండగా, నల్ల కిమోనో కట్టుకుని, నల్ల గొడుగు వేసుకుని, చేతిలో పరామర్శ డబ్బులు పెట్టిన కవరుతో మినెకోగారు వచ్చారు. ఈవిడ లోయ పైభాగంలో పెద్ద విడిదికి యజమానురాలు. మా మామగారి కాలం నుంచీ వాళ్ళ భోజనాల్లో మా ఊరగాయే. ఆ నెల మొదట్లోనే కొత్త స్నానశాల తెరిచి, ఊరంతటికీ విందు చేశారు. గలగలా నవ్వే మనిషి ఆ రోజు నేలచూపులు చూస్తూ తలుపు జరిపారు.

ఎదురుగా మా ఆయన ఉన్నారు. "రండి రండి మినెకోగారూ! కొత్త స్నానశాల ఎలా ఉంది?"

ఆవిడ కెవ్వుమన్నారు. గొడుగు కింద పడింది. "కోజోగారూ! మీరు బతికే ఉన్నారా?"

"నిన్నటిదాకా అనుమానం లేదండీ" అన్నారు మా ఆయన, బిత్తరపోయి.

"అయ్యో నా తల్లీ! కార్డు చూడగానే చదివే ధైర్యం లేకపోయింది, చేతిరాతేమో తొమెయోగారిది, కాబట్టి ఆవిడకేం కాలేదు. ఈ అమ్మాయి నిన్న మావాళ్ళ ఫోన్ ఎత్తింది, కాబట్టి ఈవిడా ఉంది. ఇక మిగిలింది మీరే కదా! దారి పొడుగునా మీకోసం ఏడ్చుకుంటూ వచ్చానండీ, నా ఏడుపంతా వృథా!"

నవ్వు ఆపుకోలేక నేను పొట్లాల చాటుకి వెళ్ళాను. మా ఆయన కవరు వంక చూసి, "పోనీ నా పేరున తెచ్చారు కాబట్టి దాచిపెట్టండి, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారు. మినెకోగారికి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, ఆలోచించకుండా అనేశారు. "మా అత్తగారైతే మైల పోవాలని గుమ్మం నిండా ఉప్పు చల్లేసింది! కొత్త స్నానశాల తెరిచిన నెలలో చావు కార్డేంటని. పాపం పోస్టుమాన్ మీద కూడా చల్లింది!" అంటూ కిమోనో మడతలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టారు.

చూశాను. మంచులో తడిసిన పొగ రంగు. నా నవ్వు ఆగిపోయింది. మా ఆయన మొహం కూడా మారింది.

కిటికీ పక్కనుంచి తొమెయోగారు లేచి వచ్చారు. కార్డు తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పి చూశారు. మళ్ళీ చూశారు.

"నల్లగానే ఉంది కదా బాబూ?" అన్నారు.

మినెకోగారు నోటికి కిమోనో చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన ఏదో అనబోయి, ఆగి, నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. మా మౌనంలోంచే ఆవిడకు అంతా తెలిసిపోయింది. ఆవిడ చూపు పోయినా బుద్ధి పోలేదుగా.

ఆ చెక్కనేల మీదే మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించారు. "శుభమా అని కొత్త నీళ్ళు పోసుకుంటున్న ఇంటికి నా చేత్తో చావు కబురు పంపాను. క్షమించండి మినెకోగారూ."

"అయ్యో, లేవండి తొమెయోగారూ, లేవండమ్మా, నా నోరు పడిపోను!" మినెకోగారు కింద కూర్చుని ఆవిడ భుజాలు పట్టుకున్నారు. ఆవిడ లేవలేదు. చాలాసేపయ్యాక లేచి, తన చాప దగ్గరికి వెళ్ళి, కుంచె కడిగారు. నీళ్ళు తేటపడేదాకా కడిగి, గుడ్డలో చుట్టి, తెచ్చి మా ఆయన ముందు పెట్టారు. "అనుకున్న మాటేగా బాబూ. అచ్చు వేయించు." గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఒక చెప్పు కనిపించక కాలితో వెతుక్కున్నారు. మా ఆయన వంగి దాన్ని ఆవిడ కాలి దగ్గరికి జరిపారు.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వంటయ్యాక గిన్నె పట్టుకుని నేనే వెళ్ళేదాన్ని. తలుపు తీసేవారు, తినేవారు, మాట్లాడేవారు కాదు. పని పోయిందని బాధపడుతున్నారా అంటే అదీ కాదు. "వాళ్ళందరూ ఆ కార్డు చేత్తో పట్టుకున్నప్పుడు ఎలా ఉండి ఉంటుందే?" అని ఒకసారి అడిగారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు నోరు లేస్తుంది. "మీరేం చంపలేదుగా ఎవర్నీ!" అని అరిచి వచ్చేశాను.

దుకాణంలో మా ఆయన పరిస్థితి ఇంకా విచిత్రం. కోరుకున్నది జరిగింది, కానీ ఆ అచ్చువాళ్ళకు ఫోన్ చేయరు. లైను కలవడం లేదంటారు. "నంబరు నేను చెప్పనా?" అన్నాను. "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. క్షమాపణ తనే రాస్తానని కుంచె పట్టుకున్నారు. పాపం, పెద్ద దుకాణం యజమాని అక్షరాలు కప్పలు గెంతినట్టు వచ్చాయి. ఒక కట్ట కార్డులు పొయ్యిలోకి పోయాక ఆ కుంచెను మళ్ళీ గుడ్డలో చుట్టి, దేవుడి గూట్లో వాళ్ళ నాన్న ఫొటో పక్కన పెట్టారు. ఆ రోజు మినెకోగారు మరిచిపోయిన పరామర్శ కవరు మాత్రం ఉప్పు బస్తా వెనక పడుంది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

శుక్రవారం ఉప్పు వర్తకుడు మాటిచ్చినట్టే నల్లకోటు వేసుకుని వచ్చాడు. జరిగింది చెబితే, టీ తాగి, "మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తొమెయోగారు నాకు కప్పలు అరుస్తున్న సంగతి రాశారండీ. ఆసుపత్రి మాటే ఎత్తలేదు. ఆ రోజు నాకు కావలసింది అదే" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆవిడ ఇల్లెక్కడో అడిగాడు. నేను చెప్పాను. ఆ రోజు ఆవిడ తలుపు తీయలేదట.

వారాంతంలో పోస్టుమాన్ గుమ్మం బయటే నిలబడి, ఒక కట్టను చెయ్యి చాపి అందిస్తూ, "ఉప్పు చల్లకండి తల్లీ, ఇవి మీకే" అన్నాడు. మాకు కాదు, తొమెయోగారి పేరున. దుకాణం చిరునామాకు. పైనున్నది మినెకోగారిది. ఒక్క కార్డులో పట్టక వరసగా చాలా కార్డుల మీద రాశారు. ఒక్కో అక్షరం పిడికిలంత. కారునలుపు. దాని కింద గెంపెయ్ పంపిన పార్సిల్. విప్పితే పీపా మూత చెక్క. ఆ ముసలాయనకు కార్డు రాయడం సిగ్గు కాబోలు, చెక్క మీద ఉలితో చెక్కాడు. చేత్తో తడిమితే తెలిసేటంత లోతుగా. ఇంకా ఉన్నాయి. దుంపలు పండించే ఒకావిడ పెట్టెల మీద గుర్తులు వేసే లావు మార్కరుతో రాసింది. మినెకోగారు ఊరుకునే మనిషి కాదు. ఎవరెవరికి ఫోన్ చేసి చెప్పారో మరి.

కృతజ్ఞతకు జవాబు రాయని మా లోయలో ఒక కార్డుకు జవాబు రావడం అదే మొదలు. మా ఆయన వాటిని నేల మీద పరుచుకుని నిలబడి చూశారు. తర్వాత గూట్లోంచి కుంచె తీశారు. సాన, సిరాకడ్డీ కోటు జేబుల్లో వేసుకున్నారు. "పద" అన్నారు నాతో.

తొమెయోగారు తలుపు తీసి, మా ఆయన కూడా వచ్చారని దగ్గు విని గుర్తుపట్టి, ఒక అడుగు వెనక్కి వేశారు. మా ఆయన ఏమీ చెప్పకుండా ఆవిడ ముందు మినెకోగారి కార్డులు వరసగా పరిచారు. ఆవిడ అలవాటుగా ఒకటి తీసి కళ్ళ దగ్గర పెట్టుకోబోయి ఆగారు. చెయ్యి మెల్లగా దూరం జరిగింది. ముక్కుకు ఆనించకుండానే అక్షరం కనిపిస్తోంది. ఒక్కో కార్డూ ఎత్తి, పిల్లలు కూడబలుక్కున్నట్టు పైకే చదివారు.

"తొమెయోగారూ. మీ కార్డును మా అత్తగారు ముందు గుమ్మం బయట పడేసింది. నేను మీ దగ్గర్నుంచి వెనక్కి తీసుకెళ్ళాక, కోపం తగ్గి చదివింది. కొత్త నీళ్ళలో ఆవిడ మోకాలు కుదుటపడితే మీకూ సంతోషమని రాశారు. ఆ మోకాలి నొప్పి గురించి ఇంట్లో మాకే గుర్తులేదు. ఇప్పుడా కార్డు ఆవిడ అద్దం పక్కన ఉంది. తీయనివ్వడం లేదు. ఇది కృతజ్ఞతల కార్డు కాదు. అందుకే అడుగుతున్నాను. కళ్ళు చూపించుకోండి. వేసవికి నాకు నల్లటి కార్డు కావాలి. ప్రతి వేసవికీ కావాలి."

చివరి కార్డు ఒళ్ళో పెట్టుకున్నారు. "జోలె పట్టిందే మినెకో" అన్నారు నాతో. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో, రెండూనో. తర్వాత గెంపెయ్ చెక్క ఒళ్ళోకి తీసుకుని వేలితో గీతలు తడుముతూ చదివారు. దాని మీద ఉన్నది ఒక్కటే మాట. "బాగున్నారా." తన జీవితంలో ఇంతమందిని ఆ మాట అడిగిన మనిషిని, ఎవరైనా తిరిగి అడగడం ఆవిడకు కొత్త. చెక్క మీద చెయ్యి అలాగే ఉంచుకుని, వెక్కి వెక్కి ఏడ్చారు.

మా ఆయన ఆవిడ వైపు చూడకుండా, జేబులోంచి సాన తీసి చాప మీద పెట్టారు. నీళ్ళచుక్కలు వేసి కడ్డీ అరగదీయడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు పారిపోయినందుకంతా ఇప్పుడు తీరుస్తున్నట్టు, పళ్ళు బిగించి అరగదీశారు. గదంతా సిరా వాసన నిండింది. ఆ వాసనకు తొమెయోగారు కళ్ళు తుడుచుకుని తలెత్తారు.

"ఏం చేస్తున్నావు బాబూ?"

"క్షమాపణలు మీరే రాయాలి పిన్నీ. నా అక్షరాలు పంపితే వాళ్ళు నిజంగానే నేను పోయాననుకుంటారు."

కుంచె అందుకున్నారు. ముంచబోయి, ఆపారు. "నల్లగా ఉందా?"

మా ఆయన సానను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. నిజం చెప్పాలని చాలాసేపు చూశారు. "ఇంకొంచెం ఆగండి" అని మళ్ళీ అరగదీశారు. ఆవిడ కుంచె పట్టుకుని ఎదురుచూశారు. బయట పిల్లలు మంచులో కేకలు వేస్తున్నారు.

"ఇప్పుడు?"

"ఇప్పుడుంది పిన్నీ."

అలా ఆయన కళ్ళతో, ఆవిడ చేత్తో ఆ కార్డులన్నీ పూర్తయ్యాయి. వాటిలో క్షమాపణ ఒక్క వాక్యమే. మిగతాదంతా మామూలే, మంచూ, పిల్లీ, వాళ్ళ వాళ్ళ మోకాళ్ళూ.

కొత్త సంవత్సరం పండగలయ్యాక మా ఆయనే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది. కట్టు విప్పిన రోజున నన్ను తేరిపార చూసి, "నీకు తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?" అన్నారు. "మీరు చూడనప్పుడు" అన్నాను. దుకాణంలోకి వచ్చీ రాగానే కిటికీ అద్దం మీద వేలు గీసి చూపించారు, తుడిచి ఎన్నాళ్ళయిందని. కళ్ళు బాగుచేయించి పొరపాటు చేశామా అనిపించింది ఆ క్షణంలో.

అచ్చు కార్డులు కూడా వచ్చాయి, రాలేదని అబద్ధం చెప్పను. పట్నం ఆర్డర్లకు అవే పోతాయి. పంపేముందు తొమెయోగారు వాటి మూల ఆ రోజు వాతావరణం ఒక్క ముక్క కుంచెతో రాస్తారు. తెలిసినవాళ్ళకు మాత్రం పూర్తిగా చేతిరాతే. వేసవి రాగానే మొదటి కార్డు మినెకోగారికి వెళ్ళింది. ఆవిడ జవాబు రాయలేదు, ఆచారం ఆచారమే. కానీ ఆ వారం పీపాలు రెండు ఎక్కువ పంపమని ఫోన్ వచ్చింది.

చూపు వచ్చింది గానీ మణికట్టు మళ్ళీ కుర్రదవలేదు. అందుకని రోజూ ఉదయం దుకాణం తలుపులు తెరిచాక మా ఆయన చాప మీద కూర్చుని సిరా అరగదీస్తారు. ఫోన్లు మోగుతున్నా లేవరు. అంతా అయ్యాక సానను ఆవిడ వైపు జరుపుతారు. ఇప్పుడు ఆవిడకు సిరా రంగు మా ఇద్దరికంటే బాగా కనిపిస్తుంది. అయినా కుంచె ముంచేముందు ఆగి, ఆయన వైపు చూస్తారు.

"నల్లగా ఉందా బాబూ?"

మా ఆయన వంగి, సానలోకి జాగ్రత్తగా చూసి, "ఉంది పిన్నీ" అంటారు. అప్పుడు రాయడం మొదలుపెడతారు.